మీకు తెలుసా? చవక ప్లైవుడ్ గుట్టు అంచులో ఉంటుంది

ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు షీట్లు అమ్మే కొట్టుకెళ్లి, "జానెడు ముక్క ఏమైనా ఉందా అన్నా?" అని అడిగేవాళ్లం కొందరం ఉన్నాం. కొట్టువాడు ఎగాదిగా చూస్తాడు. ఇంట్లో స్క్రోల్ సా పెట్టుకుని నెమళ్లు, ఏనుగులు, పేరు పలకలు, పూజగది జాలీలు కోసుకునేవాళ్లకి ఆ చూపు అలవాటే. ఈ పనికి ఖరీదైన చెక్క అక్కర్లేదు, చవక ప్లైవుడ్‌తో చాలామటుకు గడిచిపోతుంది. కాకపోతే అది ఎందుకు చవకో తెలిసి కొనాలి.

• స్క్రోల్ సాకి దగ్గరి చుట్టం కుట్టుమిషను. సూది ఆడినట్టు అయిదంగుళాల సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడుతుంది. బట్టను తిప్పినట్టు చెక్కను మనం రెండు చేతులతో తిప్పుతాం. మిషను మీద "16 అంగుళాలు" అని రాసి ఉంటే అది బ్లేడు పొడవు అనుకోకండి. బ్లేడుకీ వెనకున్న స్తంభానికీ మధ్య ఉన్న ఎడం అది. ఎంత పెద్ద ముక్క అందులో తిరుగుతుందో చెప్పే లెక్క. కొత్తవాళ్లు బ్లేడును తలకిందులుగా బిగించడం కూడా మామూలే. పళ్లు కిందికి చూడాలి. పైకి చూస్తే చెక్క కప్పలా గెంతుతుంది.

• తెలుగు పేరు పలక కోయడం ఇంగ్లీషు పేరు కోసినంత తేలిక కాదు. ప, ష, స, హ అక్షరాలకు తలకట్టు ఒంటికి అంటుకోదు. కాగితం మీద అది అందమే. చెక్కలో కోస్తే మాత్రం తలకట్టు ఊడి చేతిలోకి వస్తుంది. 'ఠ' కడుపులో చుక్క నిలబడదు. సున్నా అయితే పక్క అక్షరంతో సంబంధం లేనట్టు విడిగా కూర్చుంటుంది. వీటిని సన్నటి వంతెనలతో అక్షరానికి కలిపి గీసుకోవాలి, లేదా వెనక ఇంకో పలక వేసి దాని మీద ఒక్కొక్కటే అతికించుకోవాలి.

మన లిపి ఇంత గుండ్రంగా ఉండటానికి తాటాకే కారణం అంటారు. గంటంతో తిన్నగా గీత లాగితే ఆకు ఈనె వెంట చీలిపోతుందట. మామూలు చెక్కదీ అదే గుణం. టేకు పలకలో సన్నటి వంపు ఒకటి కోసి చూడండి. పీచుకు అడ్డంగా వచ్చిన చోట పుటుక్కుమంటుంది. ప్లైవుడ్‌లో ఒక పొర పీచు నిలువుగా ఉంటే దాని పక్క పొరది అడ్డంగా ఉంటుంది. కోత ఎటు తిరిగినా ఏదో ఒక పొర పట్టి ఉంచుతుంది. గుండ్రటి తెలుగు అక్షరానికి తాటాకు తర్వాత ఇంత ఒద్దికైన పలక ఇదే అని నాకనిపిస్తుంది.

• ప్లైవుడ్‌లో పొరలు మూడు, అయిదు, ఏడు... ఇలా సాధారణంగా బేసి లెక్కలోనే వేస్తారు. పై పొర, కింది పొర పీచు ఒకే దిక్కున ఉంటే రెండు వైపులా లాగుడు సమానమై షీటు వంకరపోదు. అయితే ఈజిప్టులో సక్కారా మెట్ల పిరమిడ్ దగ్గర దొరికిన శవపేటికలో ఆరు పొరలున్నాయి. నాలుగున్నర వేల ఏళ్ల నాటిది అది. బేసి సూత్రం అప్పటికి పుట్టలేదన్నమాట. మన కాలపు ప్లైవుడ్‌కు పునాదులు ఇటీవలివే. పల్చటి పొరలు తీసే యంత్రాలకు 1797లో ఇంగ్లండ్‌లో సామ్యూల్ బెంథామ్ పేటెంట్లు అడిగాడు. పొరలను అడ్డం నిలువుగా అతికే పద్ధతికి 1865లో అమెరికాలో జాన్ మేయో పేటెంటు తీసుకున్నాడు.

• కొట్లో "కమర్షియల్" అనేదాన్నే ఎంఆర్ అని కూడా అంటారు. చాలామంది దాన్ని బలహీనమైన రకం అనుకుంటారు. ఆ అక్షరాలు చెక్క బలం గురించి కావు, జిగురు నీళ్లకు ఎంత ఓర్చుకుంటుందో చెప్పేవి. భారతీయ ప్రమాణం ఐఎస్ 303 ప్రకారం ఎంఆర్ ముక్కను 60 డిగ్రీల నీళ్లలో 3 గంటలు ఉంచి పరీక్షిస్తారు. మెరైన్ అని పిలిచే ఐఎస్ 710 రకాన్ని మరుగుతున్న నీళ్లలో 72 గంటలు ఉడికిస్తారు. గోడకు తగిలించే నెమలిని మూడు రోజులు ఉడకబెట్టే అవసరం ఎవరికి వస్తుంది?

స్క్రోల్ సా పనికి మెరైన్ కొనడం డబ్బు దండగ. దండగ ఒక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. అందులో వాడే ఫినాల్ జిగురు గట్టిది, ముదురు గోధుమ రంగుది. బ్లేడు పళ్లు త్వరగా అరుగుతాయి. కోసిన అంచున పొరల మధ్య నల్లటి గీతలు కనిపిస్తాయి. ఎంఆర్‌లో వాడే యూరియా జిగురు రంగు లేత, గీత దాదాపు కనపడదు. ఇంటి లోపలి బొమ్మకు ఎంఆర్ చాలు. వానకు తడిసే గేటు నంబరు పలక ఒక్కదానికి మెరైన్ తీసుకోండి.

• షీటు ముఖం ఎర్రగా ఉంటే మంచిదని మనవాళ్ల నమ్మకం. ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి. ఒకప్పుడు మంచి ప్లైవుడ్ పై పొరకు బర్మా అడవుల గర్జన్ చెక్క వాడేవారు. అది సహజంగానే ఎర్రటిది. 2014 ఏప్రిల్ 1 నుంచి మయన్మార్ దుంగల ఎగుమతి ఆపేసింది. ఆ ఖాళీలోకి ఆఫ్రికా నుంచి ఒకూమే అనే చెక్క వచ్చింది. దుంగల ఎగుమతిని గాబన్ 2010లోనే ఆపినా, పొరలుగా తీసిన ఒకూమే వస్తూనే ఉంది. ఒకూమే రంగు లేత గులాబి, చెక్క మెత్తన, బరువు తక్కువ. కొనేవాడి కన్ను మాత్రం ఇంకా ఎరుపు మీదే ఉంది. అందుకని లేత పొరకు ఎర్రరంగు పూసి అమ్మే షీట్లు బజారులో తిరుగుతుంటాయి.

దీన్ని పట్టుకోవడానికి తెల్లటి తడి గుడ్డ చాలు. ముఖం మీద గట్టిగా తుడవండి. గుడ్డ గులాబి రంగుకు తిరిగితే అది చెక్క రంగు కాదు. స్క్రోల్ సా వాళ్లకు ఒకూమే శత్రువేం కాదు, బ్లేడుకు వెన్నలా తెగుతుంది. బాధంతా ఆ పూత రంగుతోనే. నీళ్ల పాలిష్ పెట్టగానే అది కరిగి చారలు చారలుగా పాకుతుంది.

• అసలు పరీక్ష ముఖం మీద లేదు. ఇది మేడిపండు వ్యవహారం, అంచు చూడాలి. షీటును నిలబెట్టించి నాలుగు అంచులూ ఫోను టార్చితో చూడండి. పొరలు ఒకే మందంలో సాగాలి. మధ్యలో నల్లటి బెజ్జాలు కనిపిస్తే లోపల బోలు ఉందని అర్థం. ఒక పొర మీద ఇంకో పొర ఎక్కి ఉంటే అక్కడ షీటు ఉబ్బుతుంది. వేలి కణుపుతో తట్టుకుంటూ వెళ్లండి. టక్‌టక్ మన్నది హఠాత్తుగా డబ్‌డబ్ మంటే అక్కడ బోలు. పాత కార్పెంటర్లు మాట్లాడుతూనే ఈ తట్టుడు తడుతుంటారు, చూసేవాళ్లకు అలవాటనిపిస్తుంది.

అల్మరా చేసేవాడికి లోపలి బోలు కనపడదు. మనకు అలా కాదు. మన కోత సరిగ్గా ఆ బోలులోంచే పోతుంది. బ్లేడు ఒక్కసారి ఎగిరి పడుతుంది, నెమలి ముక్కు ఉన్నచోట గాలి ఉంటుంది. కోతకు ముందే తెలిస్తే డిజైను కాగితాన్ని రెండంగుళాలు పక్కకు జరుపుకోవచ్చు. కోశాక బయటపడితే అదే చెక్క పొట్టును జిగురులో కలిపి కూరాలి. ఈ చిట్కా కొత్తదేం కాదు. కొండపల్లి బొమ్మలవాళ్లు తెల్ల పొణికి చెక్క ముక్కలను అతకడానికి, సందులు పూడ్చడానికి చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కును వాడుతూ వస్తున్నారు. బజారు లప్పం తెల్లగా మిగిలిపోతుంది. సొంత పొట్టు చెక్కలో చెక్కలా కలుస్తుంది.

• ఆరు ఎంఎం అని అమ్మిన షీటు అచ్చంగా ఆరు ఉంటుందన్న భరోసా లేదు. గోడ బొమ్మకు ఫరవాలేదు. గాడి తీసి ఒకదాంట్లో ఒకటి దూర్చే దీపపు గూడు లాంటివాటికి ముందు కొలిచి, తర్వాతే గాడి గీయాలి. లేకపోతే అంతా లొడలొడే.

• విదేశీ స్క్రోల్ సా పుస్తకాల నిండా కనిపించే బాల్టిక్ బర్చ్ ప్లైవుడ్ మన షీటు కొలతలో రాదు. అది 5 అడుగుల చదరం. ఫిన్లాండ్, బాల్టిక్ దేశాలు, రష్యాల చలి అడవుల భోజపత్రపు జాతి చెట్టు అది. దాని గొప్ప ముఖంలో లేదు. లోపలి పొరలు కూడా బర్చే, పల్చగా, ఒకే మందంలో, బోలు దాదాపు లేకుండా ఉంటాయి. 18 మిల్లీమీటర్ల షీటులో 13 పొరలు లెక్కపెట్టొచ్చు. అంచు అంత శుభ్రంగా ఉంటుంది కాబట్టి దాన్ని దాచకుండా చూపించుకుంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఎగరేసిన మస్కీటో విమానం ఒంటికి పైన వాడింది బర్చ్ ప్లైవుడ్డే, మధ్యలో బాల్సా. 1940 నవంబరు 25న అది మొదటిసారి ఎగిరింది. మన దగ్గర బర్చ్ ధర ఎక్కువ. నేర్చుకునే చేతికి మొదటి ఏడాది దాని జోలికి పోనక్కర్లేదని నా మాట.

• భారతదేశంలో ప్లైవుడ్‌కు ఒకప్పుడు ఊపిరి పోసింది టీ. అస్సాం తేయాకు ఓడలెక్కింది ప్లైవుడ్ పెట్టెల్లోనే. ఈశాన్య రాష్ట్రాల అడవుల మీద 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో అక్కడి కలప పరిశ్రమ చాలావరకు మూతపడింది. ఇవాళ దేశంలో పెద్ద ప్లైవుడ్ ఊళ్లు రెండు. హర్యానాలో యమునానగర్, కేరళలో పెరుంబావూర్. యమునానగర్ సరుకుకు రైతుల పొలం గట్ల పాప్లర్, జామాయిల్ ఆధారం. పెరుంబావూర్‌కు పాలు కారడం ఆగిన రబ్బరు చెట్లు. కాబట్టి "ఏ చెక్క?" అని అడగడంలో తప్పు లేదు. పాప్లర్ తెల్లగా, తేలిగ్గా ఉండి సన్నటి బ్లేడుకు హాయిగా తెగుతుంది. జామాయిల్ బరువు, గట్టిది. మన ఊళ్లలో బీడు భూముల్లో కనిపించే చెట్టే కదా అని తేలిగ్గా తీసుకుంటే బ్లేడ్లు వరసగా విరుగుతాయి.

• అన్నిటికంటే చవక ప్లైవుడ్ ఖర్చు లేనిది. ఎక్కడ కొత్త ఫ్లాటులో ఇంటీరియర్ పని జరుగుతుంటే అక్కడ సాయంత్రానికి ముక్కల గుట్ట మిగులుతుంది. మేస్త్రిని అడిగితే కాదనడు. మేకులు, పిన్నులు ఉన్నాయేమో మాత్రం వేలితో తడిమి చూసుకోండి.

• బ్లేడు తిన్నగా కొయ్యదు. అది మీ చేతి తప్పు కాదు. బ్లేడు పళ్లు తీసేటప్పుడు ఒక పక్కన సన్నటి బొడిపె మిగిలిపోతుంది, ఆ పక్కకే కోత లాగుతుంది. అందుకే అలవాటైనవాళ్లు చెక్కను గీతకు కొంచెం ఏటవాలుగా పట్టుకుని తోస్తారు. 3 ఎంఎం ప్లైకి 2 లేదా 3 నంబరు బ్లేడు, 6 ఎంఎంకి 5 నంబరు చాలు. చివర పిన్నులుండే బ్లేడ్లు మాత్రమే పట్టే చవక మిషన్లున్నాయి. వాటితో జాలీ పని కుదరదు. పిన్ను దూరాలంటే పెద్ద బెజ్జం వెయ్యాలి, ఆ బెజ్జమే మల్లెమొగ్గ కంటే పెద్దదైపోతుంది.

కింది ముఖం పెచ్చులు లేవడం చవక ప్లై పుట్టుకతో తెచ్చుకున్న జబ్బు. చివరి కొన్ని పళ్లు పైకి తిరిగి ఉండే రివర్స్ బ్లేడు వాడితే చాలా తగ్గుతుంది. ముఖానికి వెడల్పాటి ప్యాకింగ్ టేపు అంటిస్తే పెచ్చులూ తగ్గుతాయి, కాలిన మరకలూ తగ్గుతాయి. లోపలి బెజ్జాలన్నీ కోశాకే బయటి గీత కోయండి. లేకపోతే చేతికి పట్టు దొరకదు.

• జిగ్‌సా పజిల్‌కు ఆ పేరు రంపం నుంచే వచ్చింది. 1760లలో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ మహోగని పలకకు దేశపటం అంటించి, సరిహద్దుల వెంట కోసి, పిల్లలకు భూగోళం నేర్పే ఆటగా అమ్మాడు. ప్లైవుడ్ వచ్చాక పజిల్ ముక్క విరిగే బాధ తప్పింది. రెండు తెలుగు రాష్ట్రాల జిల్లాల పటం 6 ఎంఎం ప్లైలో కోసి ఇంట్లో పిల్లలకివ్వండి. మారిన జిల్లాలు పెద్దవాళ్లకే గుర్తుండవు.

• ఇక అసలు ముచ్చట, ఫినిషింగు. మామూలు షీటులో పై పొర మందం 0.3 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. కోడిగుడ్డు పెంకు అంత. గరుకు ఉప్పు కాగితంతో ఉత్సాహంగా రుద్దితే కింది పొర బయటికి వచ్చేస్తుంది, దాన్ని మళ్లీ దాచడం ఎవరి తరమూ కాదు. నా మొదటి ఏనుగు వీపు మీద అలాంటి బట్టతల ఒకటి ఇప్పటికీ ఉంది. అందుకే రుద్దుడు పని కోతకు ముందే, షీటు నిండుగా ఉన్నప్పుడే, 180 నంబరు కాగితంతో మొదలుపెట్టి 220తో ముగించాలి. కోశాక సన్నటి తీగలు, రెక్కలు కాగితానికి తగిలి విరుగుతాయి. తర్వాత తడి గుడ్డతో ఒక్కసారి తుడిచి ఆరనిస్తే పీచు నూగులా లేస్తుంది. దాన్ని 320తో పైపైన తీసేస్తే పాలిష్ నున్నగా కూర్చుంటుంది.

ప్లైవుడ్ మీద రంగుకు కొన్ని నెలలకు వెంట్రుకవాసి గీతలు పడితే పెయింటును తిట్టకండి. పెన్సిలు చెక్కినట్టు దుంగను తిప్పుతూ పొరను విప్పుతారు. గుండ్రటి పొరను చదునుగా పరిచేసరికి ఒక పక్క సన్నటి పగుళ్లు పడతాయి. ఎండకీ తేమకీ చెక్క కదిలినప్పుడు అవి రంగును చీల్చుకుని పైకి వస్తాయి. ప్రైమరు, పల్చటి లప్పం, మళ్లీ ప్రైమరు వేస్తే చాలాకాలం అణిగి ఉంటాయి.

టేకు రంగు ద్రావకం పూసి చవక ప్లైని టేకులా చూపించబోయేవాళ్లు ప్రతిసారీ భంగపడతారు. విప్పి తీసిన పొరలో మెత్తటి చోటు, గట్టి చోటు పెద్ద పెద్ద అలలుగా వస్తాయి. మెత్తటి చోటు రంగును గడగడా తాగుతుంది, గట్టి చోటు ఒల్లనంటుంది. ఫలితం మచ్చలు. ఎక్కడైనా ఫెవికాల్ చుక్క పడి ఆరితే అక్కడ అసలు రంగే పట్టదు, పాలిపోయిన మచ్చ మిగులుతుంది. అంచుల్లో పీచు నోరు తెరుచుకుని ఉంటుంది కాబట్టి అవి ముఖం కంటే నల్లబడతాయి. రంగులు వేసే బొమ్మకైతే నీళ్లు కలిపిన ఫెవికాల్ ఒక పూత అంచులకు పూసి, ఆరాక రుద్దితే పెయింటు తాగడం మానుతుంది. పాలిష్ పెట్టే బొమ్మకు ఆ పని చేయకూడదు.

పాలిష్ మచ్చలకు పాత మందు లక్క. పల్చటి లక్క రేకులను స్పిరిట్‌లో కరిగించి ఒక్క పూత ముందుగా వేస్తే మెత్తటి చోటూ గట్టి చోటూ ఒకే రకంగా తాగుతాయి. మైనం తీసిన లక్క అయితే దాని మీద ఏ వార్నిష్ అయినా పట్టుకుంటుంది. మహాభారతంలో పాండవుల కోసం కట్టిన ఇంటికి వాడింది ఈ లక్కనే. చిన్న పురుగు కొమ్మల మీద కట్టే గూడు నుంచి తీస్తారు, ఇప్పుడు ఎక్కువగా జార్ఖండ్ నుంచి వస్తుంది. ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలకు మెరుపునిచ్చేదీ ఇదే. అక్కడ స్పిరిట్ వాడరు. తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ నొక్కితే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. ప్లైవుడ్‌ను అలా తిప్పలేం గనక మనకు స్పిరిట్ దారి. నీళ్ల గ్లాసు పెడితే మాత్రం తెల్లటి వలయం పడుతుంది, టీ ట్రేకు పనికిరాదు.

మొత్తానికి నా తీర్పు ఇది. ఒకూమే, పాప్లర్ ముఖాలకు రంగులే వెయ్యండి. నిర్మల్, కొండపల్లి బొమ్మల్లో ఎవరైనా చెక్క చారలు చూసి కొంటున్నారా? రంగు చూసే కొంటారు. చెక్క చారలు కనపడాలని మనసు పడితే అప్పుడు బర్చ్ కొనండి.

• రంపపు పొట్టుకు మెత్తటి పేరే గానీ గుణం మెత్తన కాదు. చెక్క ధూళినీ, జిగురులోని ఫార్మాల్డిహైడ్‌నూ ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం మొదటి వర్గంలో, అంటే మనుషులకు క్యాన్సర్ తెస్తాయని రుజువైన వాటిలో పెట్టింది. సన్నటి బ్లేడు పొట్టు పిండిలా ఉంటుంది, గాలిలో చాలాసేపు తేలుతుంది. గుడ్డ మాస్కు చాలదు, ఎన్95 కట్టుకోండి. పడకగదిలో మిషను పెట్టకండి.

• జాలీ బెజ్జాల్లోకి కుంచె దూరదు. అందుకని చాలామంది బొమ్మను పళ్లెంలో పోసిన నూనెలో ముంచి తీసి, గుడ్డతో ఒత్తి తుడుస్తారు. అవిసె నూనె ఇందుకు మంచిది. అయితే ఆ నూనె ఆరడం అంటే గాలితో కలిసి వేడెక్కడం. తుడిచిన గుడ్డను ఉండ చుట్టి మూల పడేస్తే నిప్పు లేకుండానే అంటుకోవచ్చు. ఇళ్లు, వర్క్‌షాపులు ఇలా తగలబడిన సంగతులు నిజంగా ఉన్నాయి. పని అయ్యాక బొమ్మను తర్వాత మెచ్చుకోవచ్చు. ముందు ఆ గుడ్డను విప్పి ఆరుబయట దండెం మీద విడిగా ఆరేయండి. అది అట్టలా బిగిశాకే చెత్తలో వెయ్యండి.